కొండదారి కాపరులు

పల్నాటి సీమలో, కృష్ణకు దక్షిణపు దెసను, బెల్లంకొండ అను గ్రామము కలదు. ఊరికి పేరిచ్చిన కొండమీద ఒక పాతకోట యున్నది. బెల్లమునకును కొండకును పొత్తేమని బడిపిల్లలడుగుట వింత గాదు. బిలములు గల కొండ గావున బిలముకొండ యనియు, అదియే జనుల నోట బెల్లంకొండ యైనదనియు పెద్దలు చెప్పుదురు. గుహలకంటె బెల్లము నాలుకకు హితవైనది గనుక ఆ మాటయే నిలిచినదనుకొనవచ్చును.

సముద్రమట్టమునకు 1,500 అడుగులకు పైబడిన ఆ కొండపై ముక్కోణపు ఆకారమున ఒంటివరుస రాతిగోడయు, మూలల బురుజులును కలవు. రెడ్డిరాజుల కాలపు దుర్గమని దానికి ప్రసిద్ధి. వారి పిమ్మట గజపతులు దానిని చేజిక్కించుకొనిరి. 1515లో శ్రీకృష్ణదేవరాయలు అద్దంకి, వినుకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరములతో బాటు బెల్లంకొండను గూడ గెలిచి, కొండవీటిని లోబరచుకొనెను. తరువాత నది గోలకొండ సుల్తానుల పాలైనది. ఇందరు రాజులు ప్రాణములొడ్డి కోరిన కోట నేడు శిథిలమై యున్నది. శత్రువుల ఫిరంగులకంటె, కాపురముండువారు లేమియే దానికెక్కువ చేటు చేసినది. దండు ఉన్నంతకాలము కోట బ్రదికినది. దండు దిగిపోయిన నాడు గోడపగులున మొలచిన రావిమొక్కను పెరికివేయు దిక్కు లేకపోయెను.

బెల్లంకొండకు నైరుతిగా, పల్నాటి కొండలను దాటి, నల్లమల యడవి మొదలగును. ఆ యడవి నడుమ కృష్ణ యొడ్డున శ్రీశైలమున్నది. ఎత్తున రెండు కొండలకును పెద్ద యంతరము లేదు. శ్రీశైలమును సుమారు 1,500 అడుగుల ఎత్తుననే యున్నది. రెంటను రెడ్డిరాజుల చేయి కలదు. 1325 మొదలు 1353 వరకు అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. ఎర్రాప్రగడ ఆయన ఆస్థానకవి. 1377 ప్రాంతమున అనవేమారెడ్డి శ్రీశైలమున వీరశిరోమంటపము కట్టించెను. విజయనగర చక్రవర్తి రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ 1393లో పాతాళగంగకు మెట్లు వేయించెను. బెల్లంకొండను గెలిచిన కృష్ణదేవరాయలే, కొండవీటి జయము పిమ్మట అమరావతిని, శ్రీశైలమును సేవించి, శ్రీశైలపు రథవీధికి ఇరువైపుల మంటపములు కట్టించెను.

కోటగోడ మనుష్యులను రాకుండ జేయుటకు కట్టినది. మెట్లు రప్పించుటకు కట్టినవి. రెండును రాతివే. ఒకటి చెట్లపాలైనది, రెండవది నేటికిని పాదముల రాపిడికి నునుపెక్కుచున్నది. దైవభక్తి యొకటియే ఇందులకు కారణమనుట సగము మాట. కొండదారికి రాళ్లు పేర్చినంత మాత్రమున దారి కాదు. ఎక్కువానికి దారిలో నీరు దొరకవలెను, చీకటి పడినచో నిప్పు దొరకవలెను, దారి తప్పినచో పిలిచిన పలుకువాడొకడుండవలెను. ఈ మూడును రాజు ఒక్కమారు దానమిచ్చి పోదగినవి కావు. వానిని దినదినము, తండ్రి తరువాత కొడుకు చూచుకొనవలసినదే.

ఈ సంగతి పూర్వులెరుగనిది గాదు. గుంటూరు మండలమున మందడము చెంత మల్కాపురములో నున్న 1261 నాటి శాసనము దీనికి సాక్ష్యము. కాకతి గణపతిదేవ చక్రవర్తియు, ఆయన కుమార్తె రుద్రమదేవియు గోళకీమఠ గురువైన విశ్వేశ్వర శివాచార్యునకు మందరము, వెలగపూడి గ్రామములను ధారపోసిరి. ఆ వెలగపూడియందే నేడు రాష్ట్ర సచివాలయమున్నది. ఆ దానముతో శివాచార్యుడు గుడి కట్టి యూరకుండలేదు. విద్యార్థులకు మఠము, రోగులకు ఆరోగ్యశాల, తల్లులకు ప్రసూతిశాల, ఆకలిగొన్నవారికి సత్రము ఏర్పరచెను. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారికెల్ల అన్నము పెట్టవలెనని శాసనమున చెక్కించెను. మరియు అధ్యాపకుడెవరు, వైద్యుడెవరు, లెక్కలు వ్రాయువాడెవరు, కావలివారెవరు అనునది నిర్ణయించి, వారి జీవనమునకు భాగములేర్పరచెను. సత్రమునకు స్తంభములకంటె వంటవాని జీతము ముఖ్యమని యెరిగిన దాత యాయన. ఆ గోళకీమఠమునకు శ్రీశైలమునందును, దాని తూర్పుద్వారమైన త్రిపురాంతకమునందును శాఖలుండెను.

అది మైదానపు మాట. అడవిలోని కొండదారికి కావలి యెవరు?

శ్రీశైలమునకు నాలుగు ద్వారములని చెప్పుదురు: తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. పల్నాటివారు వినుకొండ మీదుగా త్రిపురాంతకము చేరి, దోర్నాల ప్రక్క కొండలెక్కుదురు. పడమటినుండి వచ్చువారిది ఆత్మకూరు దారి. ఆ దారి కఠినమైనది. ఆత్మకూరు విడిచిన పిదప నాగలూటి యొద్ద వీరభద్రుని గుడి వచ్చును. అచటినుండి రాతిమెట్లు మొదలు. పైన పెచ్చెరువు, ఎండలలో మార్గస్థుని కన్నులు వెదకు నీరు. ఆ తరువాతిది భీముని కొలను. కొలనన్న పేరేగాని, అది నిలువులోతు లోయ. మెట్లవెంట క్రిందికి దిగి, అడుగున నీటి యొద్ద సేదదీరి, ఎదుటి గోడవంటి కొండను మరల మెట్లవెంటనే యెక్కవలెను. ఎక్కిన చోటనే కైలాసద్వారము. ఆ పేరు పెట్టినవాడు ఆ మెట్లు తప్పక యెక్కియుండవలెను.

పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణమునంతయు ఈ పర్వతమునకే కేటాయించి, శివరాత్రి యాత్రను వర్ణించెను. అతనికి శతాబ్దముల పిమ్మట ఏనుగుల వీరాస్వామయ్య ఈ దారినే నడచెను. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసీగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన బయలుదేరి, కాశికి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. దానిలో ఈ మార్గపు మజిలీలను, కందనూరు నవాబు యాత్రికులయొద్ద గైకొను సుంకమును గూర్చి వ్రాసెను. సుంకము నవాబుది, మెట్లు రెడ్డిరాజులవి, ఊడిగము వేరొకరిది. 1839లో ఇంగ్లీషు కుంపిణీవారు ఆ నవాబును దించి కందనూరును తమ యేలుబడిలో కలుపుకొనిరి.

ఊడిగము చేసినవారు చెంచులు.

నల్లమలలో చెంచుల నివాసమును పెంట యందురు. వెదురుతడికతో గుండ్రని గోడ, దానిపై శిఖరమువలె పోగైన గడ్డికప్పు: అదియే చెంచు ఇల్లు. నాలుగైదు కుటుంబములు కలసి ఒక పెంట. దుంపలు త్రవ్వుట, పండ్లు, ఇప్పపూవు ఏరుట, వేట, తేనె వారి జీవనాధారములు. కొండచరియను వ్రేలాడు తేనెపట్టును కోయుటకు త్రాడు కట్టుకొని దిగునపుడు, పైన త్రాడు పట్టువాడు బావమరిదియే కావలెనను వాడుక వారిలో కలదు. దిగినవాడు పడిపోయినచో తన తోబుట్టువే విధవ యగును గావున అతడు చేయి సడలించడని దాని యర్థము. నమ్మకమును బంధుత్వముతో ముడివైచిన జాతి యది.

వారు మల్లికార్జునస్వామిని చెంచు మల్లయ్య యందురు. స్వామి వేటగాడై వచ్చి చెంచుపడుచును వలచి పెండ్లాడెనని వారి కథ. అందుచేత దేవుడు వారికి అల్లుడు. కన్నడ దేశపు భక్తులకో, భ్రమరాంబ తమయింటి ఆడపడుచు. ఉగాదికి కాలినడకను వచ్చు ఆ భక్తులు పుట్టింటి సారెవలె కానుకలు మోసికొని వత్తురు. ఒకరికి అల్లుడు, ఒకరికి ఆడపడుచు. ఈ చుట్టరికము తెలిసినవారికి, అడవిదారిలో చెంచు యాత్రికునకు తోడు నడచుట కూలిపనిగా తోచదు. అల్లుని చూడవచ్చిన బంధువులను ఊరిపొలిమేరనుండి ఇంటికి తోడుకొని పోవుటయే యగును.

అయినను ఆ ఊడిగమునకు కట్టుబాటొకటి యుండెను. శివరాత్రి దినములలో యాత్రికులను దొంగలనుండియు మృగములనుండియు కాపాడి కొండ చేర్చుట చెంచుల బాధ్యత. అందులకు యాత్రికులయొద్ద రుసుము గైకొనుట వారి హక్కు. కర్నూలు మండలమును గూర్చి ఆంగ్లేయ ప్రభుత్వము వ్రాయించిన పందొమ్మిదవ శతాబ్దపు గ్రంథములలో ఈ యేర్పాటు కానవచ్చును. కనుమలకు తలారులుగా వారిని నియమించిన సంగతియు కలదు. ఆ కాగితములలోనే చెంచులపై దోపిడి నిందలును లేకపోలేదు. కూలి ముట్టనినాడు కావలివాడు దొంగయని పేరు పొందుట ఒక్క నల్లమలకే చెల్లిన కథ గాదు. నవాబు గైకొన్నదియు చెంచు గైకొన్నదియు ఒకే తీరు సుంకమని కొందరు భావింతురు. ఒకరు దారి మూసి గైకొనిరి, రెండవవారు దారి చూపి గైకొనిరి. ఈ భేదమును మరువరాదు.

ఏ కుటుంబము ఏ మేరకు కావలి కాయవలెనో చెంచులలో పూర్వమునుండి తెలిసియున్నదే. కృష్ణకు ఉత్తరమున అమ్రాబాదు పీఠభూమిలోని చెంచుల నడుమ 1940లో వసించి, 1943లో వారిపై గొప్ప గ్రంథమును ప్రకటించిన హైమన్‌డార్ఫ్ ఈ విషయమును వివరముగా వ్రాసెను. ఒక్కొక్క గుంపునకు అడవిలో తనదైన మేర కలదు. ఏ వాగు మొదలు ఏ గుట్ట వరకు తమదో పిల్లలకు గూడ తెలియును. ఆ మేర తాతనుండి మనుమనికి సంక్రమించును. కొలతగొలుసు లేదు, పట్టా లేదు. అయినను హద్దు తగవులరుదు.

హైమన్‌డార్ఫ్ పుట్టినది ఆల్ప్సు పర్వతముల దేశమైన ఆస్ట్రియాలో, వియన్నా నగరమున. కొండదారిని కావలి కాయు కుటుంబములు అచటి కొండలకును క్రొత్త గావు. మంచుకొండల మధ్య, ఊళ్లకు దూరముగా, బాటసారికి పడకయు వేడి ఆహారమును ఇచ్చు చిన్న యిండ్లు ఆ దేశములందు వందలకొలది కలవు. ఒకే కుటుంబము ఏండ్లతరబడి వానిని నడపుట అచట సామాన్యము. వానికెల్ల పెద్దన్నవంటిది స్విట్జర్లండు, ఇటలీల నడుమ 2,469 మీటర్ల ఎత్తున మహా సెయింట్ బెర్నార్డు కనుమలోని ధర్మశాల. 1050 ప్రాంతమున బెర్నార్డు అను క్రైస్తవ గురువు దానిని నెలకొల్పెను. సుమారు వేయేండ్లుగా సన్యాసుల పరంపర ఆ ధర్మశాలను నిలుపుచున్నది. మంచులో కూరుకొనిపోయినవారిని వాసన పట్టి వెదకిన వారి కుక్కలు లోకప్రసిద్ధములు. బారీ అను కుక్క నలువదిమందికి పైగా ప్రాణములు కాచెనని చెప్పుదురు. అది 1814లో చచ్చినది. దాని శరీరము బెర్న్ నగరపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో నేటికిని కలదు.

1964లో ఆ కొండ క్రింద సొరంగమార్గము తెరచిరి. నాటినుండి బండ్లన్నియు క్రిందనుండియే పోవుచున్నవి. కొండపైదారితో పనివారు తగ్గిరి. అయినను ధర్మశాల తలుపు మూతపడలేదు. ఆ సన్యాసులకు అచట నుండుటకు అధికారము, ఆస్తి, లోకుల గౌరవము పూర్వమే స్థిరపడి యుండుటచే, బాటసారులు తగ్గినను కావలి తగ్గలేదు.

వేరొక ముచ్చట ఇంకను దగ్గరిది. స్విట్జర్లండులోనే అప్పెన్‌జెల్ సీమలో, 1,454 మీటర్ల ఎత్తున, నిలువు బండకు వీపు ఆనించినట్లుగా ఎషర్ అను చిన్న మజిలీయిల్లు కలదు. దాని చేరువ గుహలో 1658 మొదలుకొని క్రైస్తవ మునులు ఏకాంతవాసము చేయుచుండిరి. ఆ మునుల పరంపర 1853తో ముగిసెను. 1846లో కట్టిన ఆ యింటిని 1987 నుండి ఒకే కుటుంబము నడపెను. తలిదండ్రుల పిదప కుమారుడును కోడలును ఆ భారము వహించిరి. బండమీదినుండి జారు వాననీటిని పట్టుకొని వాడుకొనుట వారి అలవాటు. 2015లో ఒక అమెరికా సంస్థ ప్రచురించిన యాత్రాగ్రంథపు అట్టపై ఆ యింటి ఛాయాచిత్రము పడెను. లోకమంతయు అచటికి పరుగిడెను. చాలినంత నీరు లేదు, వంటయింట చోటు లేదు, వచ్చువారికి అంతు లేదు. 2018లో ఆ కుటుంబము చేతులు జోడించి ఇల్లు విడిచి దిగిపోయెను. మరుసటి యేడు వేరొకరు వచ్చి తలుపు తెరచిరి. జనము వెల్లువయై కాపరిని తరిమిన కథ యది.

నల్లమలలో జరిగినది దీనికి తలక్రిందులు. ఇచట కాపరులు కదలలేదు. జనమే దారి మార్చుకొనెను. గడచిన శతాబ్దపు నడిమి దశాబ్దములలో దోర్నాల నుండి మోటారుబాట వచ్చెను. 1963 జూలై 24వ తేదీన నెహ్రూ పండితుడు శ్రీశైలము ప్రాజెక్టునకు శంకుస్థాపన చేసెను. ఆనకట్ట పనులతో అడవి నడుమ కాలనీలు, బాటలు వెలసెను. హైదరాబాదునుండియు దారి పడెను. మూడునాళ్ల నడక కొన్ని గంటల ప్రయాణమైనది. మేలే, ముసలివారికి, రోగులకు, చంటిపిల్లల తల్లులకు అది వరమే. నడకదారి పోయెనని కన్నీరు కార్చువారిలో పెక్కురు దానిని ఎక్కియెరుగనివారు. కాని ఆ మార్పున ఒకరి ఉద్యోగము పోయినది. దానికి రాజీనామా లేదు, ఉపకారవేతనము లేదు, తీసివేసిన ఉత్తరువును లేదు. శతాబ్దముల కావలి యొక్కనాడు నిరుపయోగమయ్యెను.

రాజుల దానములకు శాసనములు కలవు. శ్రీశైలమున ఘంటామఠము, భీమశంకరమఠము, విభూతిమఠము, రుద్రాక్షమఠము, సారంగధరమఠము అని పంచమఠములు ప్రసిద్ధము. వానిలో ఘంటామఠమును బాగుచేయు వేళ 2021లో తామ్రశాసనములు, వెండి నాణెములు వెలువడినవి. రాగిరేకున దాత పేరుండును, అతని తండ్రి తాతల పేర్లుండును, దానభూమి హద్దులుండును. భీముని కొలను మెట్లకు దిగి నీరు ముంచి యిచ్చిన చెంచు పేరు ఏ రేకునను చెక్కియుండరు. శ్రీశైలము చేరువ సాక్షిగణపతి గుడి కలదు. యాత్రికుడు వచ్చెనని కైలాసమున సాక్ష్యము చెప్పుటకై ఆయన చేత గంటమును, పుస్తకమును ధరించి యుండును. ఆయన లెక్క వచ్చినవారిదే. తోడ్కొని తెచ్చినవారిది గాదు.

వంశపారంపర్య సేవ గుర్తింపు పొందినచోట ఎట్లు నిలుచునో శ్రీశైలముననే చూడవచ్చును. శివరాత్రి నడిరేయి లింగోద్భవ వేళ గర్భాలయ విమానమునకు పాగా చుట్టుదురు. ఆ పాగా చీరాల ప్రాంతపు దేవాంగుల కుటుంబమొకటి నేసినది. దినమునకొక మూర చొప్పున ఏడాది పొడవున నేయుదురు. ఆ రేయి దీపములార్పి, చిమ్మచీకటిలో, నేసినవాడు దిగంబరుడై శిఖరమునుండి నందులను కలుపుచు ఆ వస్త్రమును చుట్టును. తాతనుండి వచ్చిన ఆ పని కొండంత జనము నడుమ జరుగును గనుక అందరికిని తెలియును. చెంచు పని చీకటియడవిలో జరిగినది; చూచినవాడు నడచిన యాత్రికుడొక్కడే.

1978లో ఈ యడవి అభయారణ్యమయ్యెను. 1983లో పెద్దపులుల రక్షణవనమయ్యెను. నేడది దేశమున పులుల వనములన్నిటిలో విశాలమైనదిగా లెక్కకెక్కినది. పులికి హద్దు గీచినపుడు చెంచు హద్దు మాట వచ్చినది. పెంటలను అడవి వెలుపలికి తరలించుటయా, ఉన్నచోటనే ఉంచుటయా అను వాదము తరచు లేచుచునే యున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము చెంచులవంటి ఆదిమజాతులకు తమ ఆవాసముపై సామూహికమైన హక్కును అంగీకరించినది. తాతనుండి మనుమనికి నోటిమాటగా వచ్చిన వాగును, గుట్టను ఇపుడు కాగితముమీద గుర్తింపవలెను. చెంచుల కొరకు ప్రత్యేకముగా శ్రీశైలమున గిరిజనాభివృద్ధి సంస్థ యేర్పడినది. అటవీశాఖవారు చెంచు యువకులను పులుల జాడ తీయుటకు, వేటగాండ్రను అడ్డగించుటకు కావలివారిగా నియమించుచున్నారు. కనుమలకు తలారులుగా నుండినవారి మనుమలు మరల జీతమునకు అడవి కాయుచున్నారన్నమాట. ఇది పాతపనికి దగ్గరిదే. కాని ఇందు జీతము నెలది, హక్కు ఇతరులది.

నడకదారి బొత్తిగా చావలేదు. శివరాత్రికిని ఉగాదికిని ఆత్మకూరు, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా వేలకొలది భక్తులు కాలినడకను వత్తురు. ఆ కొన్నినాళ్లు అడవిశాఖవారు దారి తెరతురు. దాతలు పందిళ్లు వేసి అన్నము పెట్టుదురు, నీటిబండ్లు వచ్చును, వైద్యశిబిరములు వెలయును. భీముని కొలను మెట్లపై రాత్రియంతయు దీపములు కదలును, కన్నడమును తెనుగును కలసి శివనామము లోయలో మారుమ్రోగును. పెచ్చెరువు గూడెమున చెంచుపిల్లలు వాకిట నిలువబడి ఆ జనమును చూతురు. పండుగ గడచిన మూడవనాటికి పందిళ్లు విప్పుదురు, బండ్లు దిగిపోవును. మోటారుబాటపైన గూడ రాత్రి తొమ్మిది దాటిన పిదప అడవి తనిఖీద్వారములు మూసి, తెల్లవారువరకు బండ్లను పోనీయరు. అటుతరువాత నల్లమలలో వెలిగెడి దీపములు పెంటలలోనివే.